చుట్టాలకు మన కర్నూలు

వేసవి సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళకు చుట్టాలు దిగుతారు. హైదరాబాదు నుంచి కొందరు, మద్రాసు నుంచి (ఇప్పుడు చెన్నై అనాలి, మన పెద్దల నోట మాత్రం మద్రాసే) కొందరు, గల్ఫ్ నుంచి కొందరు. మొదటి రోజు ఉగ్గాని బజ్జీ, రెండో రోజు బిర్యానీ అవుతాయి. మూడో రోజు “మీ ఊరు చూపించండి” అంటారు. మనం చేసేదేమిటి? ఆటో మాట్లాడి కొండారెడ్డి బురుజు దగ్గర దింపి, ఫొటో తీసి, “ఇంతేనండీ, మా ఊళ్ళో ఇంకేముంది” అని ఇంటికి తెచ్చేస్తాం. ఈ మాట మేమూ చాలా ఏళ్ళు అన్నాం. బడిలో పిల్లలకు చరిత్ర చెప్పే వృత్తిలో ఉండి కూడా అన్నాం.

మొన్నటి వేసవిలో తిరుచిరాపల్లి నుంచి మా ఆపా, దుల్హాభాయ్, వారి పిల్లలు వచ్చారు. మూడు రోజులున్నారు. సంచిక కమిటీవారు చరిత్ర వ్యాసం రాసిమ్మని అడిగినప్పుడు ఆ మూడు రోజులే గుర్తుకొచ్చాయి. వాటినే రాస్తున్నాం.

మామూలుగానే బురుజుతో మొదలుపెట్టాం. పిల్లలకు దాన్ని పరిచయం చేయనక్కరలేదు. 2003లో వచ్చిన “ఒక్కడు” సినిమా ఆ పని ఎప్పుడో చేసిపెట్టింది. తమిళనాడులో పెరిగిన పిల్లలకు కూడా అది తెలుసు! మేము మాత్రం మాస్టారి గొంతు సవరించుకుని అలవాటైన కథ చెప్పాం. అలంపురం ఏలిన కొండారెడ్డిని కర్నూలు నవాబు ఈ బురుజులో బంధించాడని, ఆయన లోపలి సొరంగం గుండా తుంగభద్ర కిందుగా నడిచి అలంపురం చేరాడని.

తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు అంతా విన్నాడు. “మామూ, ఏ నవాబు? ఏ సంవత్సరం?” అన్నాడు.

మాకు జవాబు రాలేదు. పదిహేనేళ్ళుగా ఏడో తరగతిలో ఇదే కథ చెబుతున్నాం, ఒక్క పిల్లవాడూ అడగలేదు. అడగనీయలేదేమో కూడా. ఆ రాత్రి ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాం. నవాబు పేరూ దొరకలేదు, సంవత్సరమూ దొరకలేదు. కథ కథగా బాగుంది, ఊళ్ళో అందరి నోటా ఉంది. కాని చరిత్ర పీరియడ్‌లో దాన్ని చరిత్ర అని చెప్పడం మా పొరపాటే.

చెప్పదగింది ఇంత. ఈ బురుజు ఒకప్పటి కోటలో మిగిలిన ముక్క. ఆ కోట విజయనగరం అచ్యుతదేవరాయల కాలానిదని చెబుతారు. ఆయన పాలన 1529 నుంచి 1542 వరకు. ఊరికి పాత పేరు కందనవోలు. అలంపురం గుళ్ళకు రాళ్ళు మోసే బండ్లు ఏరు దాటబోయే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవని, అందుకే ఆ పేరు వచ్చిందని అంటారు. ఇదీ వినికిడి మాటే. అయినా సొరంగం కథకంటే ఇదే మాకు నచ్చుతుంది. ఇందులో రాజులెవరూ లేరు, బండివాళ్ళున్నారు.

రెండో రోజు ఉదయం ఎండ ముదరకముందే హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ మక్బరాకు తీసుకెళ్ళాం. మన సభ్యులలో ఎందరు దీన్ని లోపలికి వెళ్ళి చూశారో చేయెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో! 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం బలం తగ్గింది, బిజాపూర్ సుల్తానుల అధికారం మెల్లగా ఇటు పాకింది. వారి తరఫున పదిహేడో శతాబ్దం మొదట్లో కర్నూలును ఏలినవాడు ఈ వహాబ్ ఖాన్. రెండు గుమ్మటాలు, కమానుల వరండా. ఊళ్ళో దీన్ని గోల్ గుంబజ్ అంటారు కనుక బిజాపూర్ గోల్ గుంబజ్‌కు ఇది నకలని చాలామంది అనుకుంటారు. అది తప్పు. బిజాపూర్ గుంబజ్‌లో ఉన్న మహమ్మద్ ఆదిల్‌షా చనిపోయింది 1656లో. మనది అంతకు ముందుది. ఈ మాట చెప్పగానే మా ఆపా నవ్వి, “అయితే మనదే పెద్దక్క” అంది.

అక్కడ నీడలో కూర్చున్నప్పుడే దుల్హాభాయ్ అసలు సంగతి ఎత్తారు. “మీ ఆఖరి నవాబు మా ఊళ్ళోనే చనిపోయాడట కదా?”

అవును. కర్నూలు చరిత్రలో చుట్టాలకు చెప్పవలసిన కథ ఏదైనా ఉంటే అది ఇదే. మనం చెప్పనిదీ ఇదే.

1686లో ఔరంగజేబు బిజాపూర్‌ను పట్టుకున్న తర్వాత కర్నూలు పన్నీ పఠాన్ల చేతికి వచ్చింది. దావూద్ ఖాన్ పన్నీ వంటి పేరుమోసిన మొగల్ సేనాని ఈ వంశంవాడే. వారిలో అందరూ మహాత్ములని మేము చెప్పబోం. 1750లో నిజాం నాసిర్ జంగ్ హత్యకు గురైనప్పుడు ఆ కుట్రలో కడప నవాబుతోపాటు మన నవాబూ ఉన్నాడు. మరుసటి ఏడాది కొత్త నిజాం ముజఫర్ జంగ్ మీద వీరే తిరగబడ్డారు. ఆ పోరులో ముజఫర్ జంగూ పోయాడు, మన నవాబూ పోయాడు. తర్వాత బుస్సీ నడిపిన ఫ్రెంచి సేన వచ్చి కర్నూలు కోటను పట్టుకుంది. ఇవి చెప్పుకుంటే గౌరవం తగ్గుతుందని దాచేవారున్నారు. దాచితే పిల్లలు రేపు మరో చోట, మరో విధంగా వింటారు.

1800లో నిజాం బళ్ళారి, కడప సీమలను కుంఫిణీకి ఇచ్చినప్పుడు కర్నూలు నవాబు కూడా ఇంగ్లీషువారి కిందికి వచ్చాడు. కప్పం కట్టుకుంటూ గద్దె మీద ఉన్నాడు. ఆఖరివాడు గులాం రసూల్ ఖాన్. 1839లో హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా ఇంగ్లీషువారికి వ్యతిరేకంగా కుట్ర చేస్తున్నాడని పట్టుకుని గోల్కొండ కోటలో బంధించారు. ఆ కుట్ర తాలూకు తీగ కర్నూలు దాకా ఉందని అనుమానించారు. సైన్యం వచ్చి కోటను వెదికితే ఫిరంగులు, మందుగుండు గుట్టలుగా బయటపడ్డాయి. ఇంత చిన్న నవాబుకు ఇంత ఆయుధమెందుకని ఇంగ్లీషువారు నివ్వెరపోయారు. అక్టోబరు 18న జొహరాపురం దగ్గర నవాబు కొలువులోని పఠాన్లకు, అరబ్బులకు ఇంగ్లీషు పటాలానికి మధ్య పోరు జరిగింది. నవాబు పట్టుబడ్డాడు. ఆయన్ను తిరుచిరాపల్లి పంపేశారు. మరుసటి ఏడాది 1840లో అక్కడే కత్తిపోటుకు చనిపోయాడు. కర్నూలు రాజ్యం కుంఫిణీలో కలిసింది. 1858లో జిల్లా అయింది.

“మరి ఆయన షహీదా, కాదా?” అని మేనల్లుడు అడిగాడు. మా దాదాజాన్ నిస్సందేహంగా షహీద్ అనేవారు. ఇంగ్లీషువారి రాతల్లో కుట్రదారు. పోగేసిన తుపాకులు చూస్తే తిరుగుబాటు ఆలోచన ఉందనిపిస్తుంది. ఆయన మనసులో ఏముందో చెప్పే ఆయన సొంత మాట మాత్రం మా చేతికి ఏదీ రాలేదు. 1857కు పద్దెనిమిదేళ్ళ ముందే ఈ గడ్డ మీద ఇంగ్లీషు పటాలాన్ని ఎదిరించి కొందరు చచ్చిపోయారన్నది మాత్రం నిజం. వారి పేర్లు మనకు తెలియవు. జొహరాపురం మీదుగా రోజూ స్కూటర్ల మీద పోతూనే ఉంటాం. ఇంతవరకే చెప్పాం. వాడు నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

ఆ సాయంత్రం కె.సి. కాలువ హంద్రీని దాటే చోటికి నడిచాం. ఏటి మీద ఏరు పోతుంటే పిల్లలకు అదే పెద్ద వింత అయింది. 1863 నుంచి 1870 వరకు ఒక ఇంగ్లీషు కంపెనీ ఈ కాలువను తవ్వించింది. సుంకేసుల ఆనకట్ట నుంచి కడప వరకు సుమారు 300 కిలోమీటర్లు. పడవలు నడిపి లాభం గడించాలన్న వారి లెక్క తప్పింది. 1882లో ప్రభుత్వం కొనేసింది. నీళ్ళు మాత్రం రైతుకు మిగిలాయి.

1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు ఆఖరు వరకు మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ప్రకాశం పంతులుగారు మొదటి ముఖ్యమంత్రి. కార్యాలయాలు చాలక గుడారాలు వేశారు, వాటిలో గుమాస్తాలు దీపాలు పెట్టుకుని పనిచేశారు. ఆ మూడేళ్ళు మన వీధుల్లో ఇల్లు అద్దెకు దొరకడం గగనమైందని దాదాజాన్ చెప్పేవారు. చుట్టాలు ఇది విని నమ్మలేదు. “ఇదీ రాజధానేనా?” అన్నారు. అవమానంగానే తోచింది, ఎందుకు దాచాలి!

ఉస్మానియా కాలేజీ దగ్గర మాత్రం అవమానం లేదు. డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ 1947లో దీన్ని స్థాపించారు. దేశం రెండు ముక్కలై, మనవారిలో చాలామంది రేపు ఏమవుతుందో తెలియక ఇంటి తలుపులు వేసుకున్న ఏడాది అది. ఆ ఏడాది ఆయన కాలేజీ తలుపులు తెరిచారు. దక్షిణాది సర్ సయ్యద్ అని ఆయన్ను ఊరికే అనలేదు. 2016లో మన ఊళ్ళో వచ్చిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఉర్దూ మీడియంలో పాఠం చెప్పేవారికి ఆ పేరు చూస్తే కడుపు నిండినట్టుంటుంది.

మూడో రోజు ఎక్కడికీ పోలేదు. దుల్హాభాయ్ మా ఇంటి గోడ మీద మరకను చూసి, “ఇదేమిటి?” అన్నారు. మనిషి ఎత్తుకు పైన, గోడ పొడుగునా గీత గీసినట్టుంటుంది. సున్నం వేసినా మళ్ళీ తేలుతుంది.

2009 అక్టోబరు 2, శుక్రవారం. తుంగభద్ర, హంద్రీ కలిసి పాతబస్తీలోకి వచ్చాయి. మా మసీదులో ఆ రోజు జుమా లేదు. మేమంతా మిద్దె మీద ఉన్నాం. చుట్టూ నీళ్ళు, ఏ ఇంట్లో ఎవరున్నారో తెలియదు. పక్కింటి వైశ్యుల అమ్మగారు మా మిద్దె మీదే రెండు రోజులున్నారు. నీళ్ళు తీసిన తర్వాత కిందికి దిగితే మోకాటి లోతు బురద. మంచం కింద దాదాజాన్ ట్రంకు పెట్టె ఉండేది. అందులో ఆయన ఉర్దూలో రాసుకున్న జ్ఞాపకాలు, వారి పెద్దల కాలంనాటి ఫార్సీ కాగితాలు. తెరిస్తే అన్నీ కలిసి ఒక్క ఇటుకలా ఉన్నాయి. విడదీస్తే సిరా కారిపోయింది. ఎండలో పెట్టాం, అయినా ఒక్క పేజీ చదవడానికి రాలేదు. నీళ్ళు రాకముందు ఆ కాగితాలు ఇరవై ఏళ్ళకు పైగా మా ఇంట్లోనే ఉన్నాయి. ఉర్దూ చదవడం వచ్చినవాళ్ళం మేము. ఒక్కరోజూ కూర్చుని చదవలేదు. వరదను ఏమనగలం!

ఆ ట్రంకులో గులాం రసూల్ ఖాన్ గురించి ఏమైనా ఉందేమో, దాదాజాన్ అంత గట్టిగా షహీద్ అన్నది దేనివల్లనో, ఇక తెలియదు. సభ్యుల ఇళ్ళలో ఇలాంటి పెట్టెలు ఇంకా అటకల మీద ఉంటాయి. పాత నికానామా కానివ్వండి, ఇంటి దస్తావేజు కానివ్వండి, ఒక్కసారి దించి ఫోన్‌తో ఫొటోలు తీసిపెట్టండి. చదవడం రాకపోతే మా దగ్గరకు తెండి. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాం.

రాత్రి స్టేషన్‌లో బండెక్కించాం. మేనల్లుడు కిటికీలోంచి, “మామూ, నవాబుగారి సంగతి మా ఊళ్ళో నేను కనుక్కుంటా. పాత మసీదుల్లో పెద్దవాళ్ళను అడుగుతా” అన్నాడు. వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు. ఇప్పటికి మూడు మసీదులు తిరిగాడట, ఎవరూ ఏమీ చెప్పలేదట. నాలుగోదానికి వచ్చే శుక్రవారం వెళ్తానన్నాడు.