ఖండగ్రాసంతో చంద్రబింబాన్ని కొలిచిన తీరు: క్రీ.పూ. 523 నాటి బాబిలోన్ గ్రహణం

క్రీ.పూ. 523 జులై 16 రాత్రి బాబిలోన్‌లో కనిపించిన చంద్రగ్రహణం సంపూర్ణం కాదు. బింబంలో ఉత్తరపు సగం మాత్రమే భూచ్ఛాయలో మునిగింది. పారశీక చక్రవర్తి కాంబైసిస్ ఏలుబడిలో అది ఏడో ఏడు. ఈ గ్రహణం ప్రస్తావన రెండు చోట్ల నిలిచి ఉంది. ఒకటి బ్రిటిష్ మ్యూజియంలోని బాబిలోనియా మట్టిపలక, రెండోది క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో టాలమీ రాసిన 'అల్మజెస్ట్'.

పలక ప్రకారం దుజు మాసం పద్నాలుగో రాత్రి, చీకటి పడ్డ 3 గంటల 20 నిమిషాలకు గ్రహణం కనిపించింది. టాలమీ మాత్రం అర్ధరాత్రికి గంట ముందు అంటాడు. ఆ పలకలోని వివరాల్లో కళ్లతో చూసినవెన్ని, లెక్కగట్టినవెన్ని అన్న చర్చ పండితుల్లో ఉంది. వేళ సంగతి ఎలా ఉన్నా, గ్రాసం విషయంలో రెండు ఆధారాలూ ఒకే మాట చెబుతున్నాయి: ఉత్తరం వైపు, సగం బింబం. టాలమీ నాటికి ఆ రాత్రి గడిచి ఆరున్నర శతాబ్దాలు దాటిందని గుర్తుంచుకుంటే ఈ ఏకీభావం విలువ తెలుస్తుంది.

సంపూర్ణ గ్రహణ మధ్యకాలంలో బింబం పూర్తిగా నీడలో ఉంటుంది కనుక నీడ అంచు ఎక్కడుందో కనిపించదు. ఖండగ్రాసంలో ఆ అంచు బింబం మీదే గీతలా నిలుస్తుంది. కొలతకు పనికొచ్చేది అదే. టాలమీ ఈ గ్రహణానికి జతగా క్రీ.పూ. 621 ఏప్రిల్ 22 తెల్లవారుజామున, బాబిలోన్ రాజు నబోపొలాసర్ ఏలుబడి ఐదో ఏట పట్టిన మరో పాక్షిక గ్రహణాన్ని ఎంచుకున్నాడు. అందులో దక్షిణం వైపు పావు వ్యాసం మరుగైంది. రెండుసార్లూ చంద్రుడు భూమికి అత్యంత దూరపు బిందువు దగ్గరే ఉన్నాడు. కాబట్టి బింబం పరిమాణం, నీడ పరిమాణం మారలేదనుకోవచ్చు. ఎంపికలోని ఈ నేర్పు మెచ్చదగినది.

తన పట్టికల ఆధారంగా టాలమీ రెండు మధ్యకాలాల్లో చంద్రుడి విక్షేపం, అంటే క్రాంతివృత్తం నుంచి దూరం, గణించాడు. పావు గ్రాసానికి అది 48 కళల 30 వికళలు, సగం గ్రాసానికి 40 కళల 40 వికళలు (డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికళ). తేడా 7 కళల 50 వికళలు. అది పావు వ్యాసానికి సమానం కనుక చంద్రబింబం వ్యాసం 31 కళల 20 వికళలు. సగం బింబం మునిగినప్పుడు నీడ అంచు బింబకేంద్రం మీదుగా పోతుంది. అందువల్ల రెండో విక్షేపమే నీడ వ్యాసార్ధం. నీడ బింబానికి సుమారు 2.6 రెట్లని దీంతో తేలింది.

అత్యధిక దూరంలో చంద్రుడి అసలు వ్యాసం దాదాపు 29.4 కళలు. చిన్న తేడాను నాలుగుతో గుణించే పద్ధతి కావడంతో, అర కళ పొరపాటు కూడా రెండు కళలవుతుంది. నీడ కొలత కూడా ఇంచుమించు అదే పాళ్లలో పెరిగింది కాబట్టి నిష్పత్తి మాత్రం చెడలేదు.

సూర్యుడి దూరాన్ని ఈ అంకెల మీదే కట్టిన టాలమీకి 1,210 భూవ్యాసార్ధాలు వచ్చాయి. నిజానికి అది సుమారు 23,500. నీడ శంకువు కొలతలో రవ్వంత మార్పు వచ్చినా సూర్యదూరం విపరీతంగా మారిపోతుంది. అయినా ఆ అంచనా శతాబ్దాల పాటు నిలిచింది. 16వ శతాబ్దం చివర్లో టైకో బ్రాహీ వాడిన విలువ కూడా 1,150 మాత్రమే. ఆ తర్వాత కెప్లర్ దాన్ని దాదాపు మూడింతలు చేశాడు.