ఆకుపచ్చ డబ్బా: యాప్‌లోకి ఎక్కిన మైల

2024 మార్చి 19న జొమాటో కంపెనీ అప్పటి అధినేత దీపిందర్ గోయల్ ఒక కొత్త సర్వీసును ప్రకటించారు. దాని పేరు 'ప్యూర్ వెజ్ ఫ్లీట్'. శుద్ధ శాకాహార హోటళ్ళ ఆర్డర్లు మాత్రమే మోసే డెలివరీ వాళ్ళు వేరుగా ఉంటారు. వాళ్ళకు ఎర్ర చొక్కా బదులు ఆకుపచ్చ చొక్కా, ఎర్ర డబ్బా బదులు ఆకుపచ్చ డబ్బా. మాంసం ప్యాకెట్టు సరే, మాంసం కూడా వండే హోటల్లో చేసిన పప్పన్నం సైతం ఆ డబ్బాలో పడగూడదు. దేశమంతా గోల లేచింది. మర్నాడు, మార్చి 20న, రంగుల తేడా తీసేస్తున్నాం, అందరికీ ఎరుపే అన్నారు.

మార్చి 20 మనకు మామూలు తేదీ కాదు. 1927లో ఆ రోజునే అంబేద్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ చెరువు అప్పటికి కాగితం మీద అందరిదే. 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది, 1924లో మహాడ్ మునిసిపాలిటీ ఒప్పుకుంది. అయినా తాగినవాళ్ళను కొట్టారు, తర్వాత చెరువును 'శుద్ధి' చేసుకున్నారు. ఈ రెండు మార్చి 20లు ఒకటయ్యింది కాకతాళీయమే. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న తప్పదు. కాగితం మీద తీసేసిన తేడా ఎక్కడికి పోతుంది?

కంపెనీ చెప్పిన కారణం వినాలి. శాకాహార కస్టమర్లు ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు. డబ్బాలో కూర ఒలికితే ఆ వాసన తర్వాతి ఆర్డర్‌కు అంటుకుంటోంది. అందుకే వేరు డబ్బా. మతానికీ రాజకీయానికీ దీనితో సంబంధం లేదు. స్టార్టప్ లోకంలో ఇది చాలా మామూలు తర్కం. కస్టమర్‌కు ఒక ఇబ్బంది ఉంటే దాన్ని తీర్చే ఫీచర్ తయారుచెయ్యి, వ్యాపారం పెరుగుతుంది. అందులో తప్పేముంది అనిపిస్తుంది.

ఈ తర్కాన్ని మేము యాప్‌లు రాకముందే ఎరుగుదుం. మా ఇండ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మాది. మా నాయినలు చాయ్ తాగిన ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. మాలమాదిగలకు వేరే గ్లాసు, తాగినాక వాళ్ళే కడిగి పెట్టాలి. ఆ హోటలాయన ఎన్నడూ 'నేను అంటు పాటిస్తా' అనలేదు. 'నాకేం లేదురా, గిరాకీ పోతది' అన్నాడు. వ్యాపారి నోట కులం ఎప్పుడూ పక్కవాడి కోరికగానే పలుకుతుంది. ఆ 'గిరాకీ' మాటకే ఇవాళ 'యూజర్ ఫీడ్‌బ్యాక్' అని పేరు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తన కూట్లో మాంసం వాసన వద్దనుకునే శాకాహారి అంతమాత్రాన అంటరానితనం పాటిస్తున్నట్టు కాదు. కానీ ఒలకడమే సమస్యైతే డబ్బాకు మంచి మూత పెట్టొచ్చు, లోపల అరలు చెయ్యొచ్చు. వస్తువు సమస్యకు వస్తువులోనే పరిష్కారం ఉంది. మనిషిని ఎందుకు విడదీశారు, చొక్కా రంగు ఎందుకు మార్చారు? చొక్కా ఒలకదు గదా! వాసన దగ్గర మొదలైన మాట మోసేవాడి ఒంటి దాకా పోయింది. మైల అంటే ఇదే. అది వస్తువులో ఆగదు, ముట్టినవాడికి ఎక్కుతుంది.

మోసేవాడి ఒంటి మీద అనుమానం అంతకుముందూ ఉంది. 2019 జూలైలో జబల్‌పూర్‌లో ఒక కస్టమర్, కూడు తెచ్చేవాడు హిందువు కాదని ఆర్డర్ రద్దు చేసుకున్నాడు. అప్పుడు ఇదే జొమాటో ఒప్పుకోలేదు, తిండికి మతం లేదన్నది. అదే ఏడు అక్టోబర్‌లో మన హైదరాబాద్‌లో అలియాబాద్ దగ్గర, వేరే కంపెనీ ఆర్డర్‌లో, అలాంటిదే జరిగింది. 2022 జూన్‌లో లక్నోలో ఒక దళిత డెలివరీ వర్కర్, తన కులం తెలిసి మీద ఉమ్మి కొట్టారని ఫిర్యాదు చేశాడు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. నిందితులు ఆ ఆరోపణను కాదన్నారు. 2019లో గట్టిగా నిలబడ్డ కంపెనీయే 2024లో ఆ తేడాను తానే కుట్టించి ఒంటికి తొడగబోయింది. మధ్యలో, 2021 జూలైలో, అది షేర్ మార్కెట్‌లోకి వచ్చింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని మేము రుజువు చెయ్యలేం, కానీ వరుస మాత్రం అది.

'శుద్ధం' ఎవరి కోసం? 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 15 ఏళ్ళు పైబడినవాళ్ళలో 98 శాతానికి పైగా మాంసాహారులే. వాళ్ళ కూడు మామూలు డబ్బాలో పోతుంది, దానికి 'ప్యూర్' అనే పేరు లేదు. ఒకదాన్ని శుద్ధం అన్నాక రెండోదాన్ని ఏమనాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక రంగు తీసేసిన సంగతి. గోయల్ చెప్పిన కారణాలు రెండు. ఎర్ర చొక్కావాళ్ళను మాంసం తెచ్చేవాళ్ళుగా చూసి కాలనీ సంఘాలు గేటు దగ్గరే ఆపుతాయేమో, మాంసం తెప్పించుకున్న కిరాయిదార్లకు ఇంటి ఓనర్లతో తంటా వస్తుందేమో అని. ఈ భయాలు నిజమైనవే. డెలివరీ వాళ్ళు మెయిన్ లిఫ్ట్ ఎక్కగూడదని నోటీసులు పెట్టిన అపార్ట్‌మెంట్లు మన నగరాల్లో కొల్లలు. అయితే ఫ్లీట్‌ను రద్దు చేశామని మాత్రం ఆ రోజు అనలేదు. శాకాహార ఆర్డర్లకు వేరు మనుషులు ఉంటారు, వీధిలో గుర్తుపట్టలేరు, యాప్‌లో మాత్రం కనిపిస్తుంది అన్నారు.

చరిత్ర చదివేవాళ్ళం గనుక మాకు ఇక్కడే ఎక్కువ దిగులు. 17వ అధికరణం కింద వచ్చిన 1955 చట్టం హోటళ్ళనూ బావులనూ, హోటల్లోని గిన్నెలనూ గ్లాసులనూ కూడా పేరు పెట్టి చెప్పింది. ఎందుకంటే అంటరానితనం అప్పుడు చోట్లలో ఉండేది, వస్తువుల్లో ఉండేది. రెండో గ్లాసు చూరుకు వేలాడుతుంటే దాన్ని ఫోటో తీయొచ్చు, పగలగొట్టొచ్చు, కోర్టులో చూపించొచ్చు. మహాడ్‌లో చెరువు ఉంది కాబట్టి దాని గట్టు దాకా నడిచిపోగలిగారు. ఆకుపచ్చ డబ్బాను ఒక్కరోజులో ఓడించగలిగింది కూడా అది కంటికి కనిపించినందుకే. ఏ ఆర్డర్ ఎవరికి పోవాలో సాఫ్ట్‌వేర్ లోపల తేల్చేస్తే మనం నడిచిపోవడానికి గట్టు ఏది? ఈ లెక్క ఎట్లా వేస్తున్నారో చూపించమని అడిగే హక్కు డెలివరీ వర్కర్‌కు కావాలి. కంపెనీలు 'పార్ట్‌నర్' అని పిలుస్తున్న మనిషికి ఆ మాత్రం తెలియకపోతే ఇంకేం పార్ట్‌నర్!

2025 జనవరిలో ఇదే యాప్ వెజ్ మోడ్ వాడేవాళ్ళ దగ్గర 2 రూపాయల ఫీజు తీసుకుంటోందని బయటపడింది. ఒక కస్టమర్, శాకాహారినైనందుకు పన్నా అని నిలదీశాడు. గోయల్ వెంటనే క్షమాపణ చెప్పి ఆ 2 రూపాయలు తీసేశారు.