పెట్టె అదే, లోపలి మందు వేరు

ముక్కు దిబ్బడకూ, ఛాతీలో పట్టిన కఫానికీ కలిపి ఒకే మాత్ర వేసుకునేవారు దాన్ని ఒక మందుగానే లెక్కేస్తారు. అందులో ఉన్నవి రెండు. వాటి పుట్టుకలూ వేరు, ప్రమాదాలూ వేరు. కఫాన్ని పలచబరిచే గ్వైఫెనెసిన్ మూలాలు వెస్టిండీస్‌లో పెరిగే గ్వాయకం చెట్టులో ఉన్నాయి. 16వ శతాబ్దంలో స్పెయిన్ ఓడల్లో ఆ కలప యూరప్ చేరినప్పుడు సవాయి (సిఫిలిస్) రోగానికి అదే దివ్యౌషధమనుకున్నారు. దానితోనే తనకు నయమైందని జర్మన్ పండితుడు ఉల్రిచ్ ఫాన్ హుట్టెన్ 1519లో పుస్తకం రాశాడు. నాలుగేళ్లకు ఆ రోగంతోనే పోయాడు. ఆ చెట్టు బంకలో బయటపడిన గ్వాయకాల్ నుంచి తయారయ్యే గ్వైఫెనెసిన్‌కు అమెరికాలో 1952లో అనుమతి దొరికింది. ముక్కు దిబ్బడ మందులది మరో దారి. చైనా వైద్యంలో వాడే మా హువాంగ్ అనే మొక్క నుంచి జపాన్ శాస్త్రవేత్త నగాయ్ నగయోషి 1885లో ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. దాని బంధువర్గమే తర్వాత జలుబు మాత్రల్లోకి ఎక్కింది. ఇవి రక్తనాళాలను బిగించి ముక్కులో వాపు తగ్గిస్తాయి. కానీ మింగిన మందు ఒక్క ముక్కుకే వెళ్లదు. ఒళ్లంతా తిరిగి బీపీని పెంచగలదు, గుండెను దడదడలాడించగలదు.

జంటలో ఈ రెండోదే పదేపదే మారింది. మొదట ఫెనైల్‌ప్రొపనాలమీన్ బాగా అమ్ముడుపోయింది. దానికీ మెదడులో రక్తస్రావానికీ సంబంధం ఉందని, ముఖ్యంగా ఆకలి తగ్గించే మాత్రగా వాడిన స్త్రీలలో, యేల్ పరిశోధకులు తేల్చడంతో 2000లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని అమ్మకం మానుకోమని కంపెనీలకు చెప్పింది. సూడోఎఫెడ్రిన్ నుంచి దొంగచాటుగా మెథాంఫెటమిన్ అనే మత్తుమందు కాస్తున్నారని 2006 నాటి అమెరికా చట్టం దాన్ని అడిగితే తప్ప ఇవ్వకుండా కౌంటర్ వెనక్కి నెట్టింది. ఆ ఖాళీని ఫెనైలెఫ్రిన్ ఆక్రమించింది. దాన్ని మింగితే ముక్కు దిబ్బడ తగ్గదని 2023లో ఆ నియంత్రణ సంస్థ సలహా సంఘం ఏకగ్రీవంగా చెప్పింది. డైమెటాప్ అనే జలుబు మందు పేరు మాత్రం ఈ మూడు దశల్లోనూ నిలిచింది: పేరు చెరగలేదు, లోపలి మందు మారుతూ పోయింది. పోయిన మందు స్థానంలోకి వచ్చినది మెరుగైనదని కాదు, అమ్మడానికి వీలైనదని వచ్చింది. పేరు చూసి మందు కొనడం అందుకే ప్రమాదం.

కోట్ల మంది వాడారు, ఏమైందని అడగవచ్చు. అరుదైన ప్రమాదం ఏ ఒక్కరి అనుభవంలోనూ కనిపించదు. ఫెనైల్‌ప్రొపనాలమీన్ దశాబ్దాలు నడిచిందీ అందుకే. ముక్కూ ఛాతీ రెండూ పట్టినప్పుడు ఒకే మాత్ర సౌకర్యం కదా అన్నది ఇంకాస్త బలమైన వాదన. రెండు ఇబ్బందులూ నిజంగా ఉంటే ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే ముక్కు దిబ్బడ తగ్గి దగ్గు మిగిలినప్పుడు కూడా ఆ మాత్రే కొనసాగిస్తే అక్కర్లేని మందు బీపీని పెంచే ముప్పు కొనసాగుతూనే ఉంటుంది. విడివిడిగా అయితే ఒకటి ఆపి ఒకటి ఉంచుకోవచ్చు; కలిపిన మాత్రలో ఆ వీలు లేదు.

మన దేశంలోనూ నియంత్రణ ఆలస్యంగానే వచ్చింది. క్లోర్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మందూ ఫెనైలెఫ్రినూ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదన్న హెచ్చరికను లేబుల్‌పై వేయాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. హెచ్చరిక ముద్రించడం వాళ్ల పని, చదవడం మనది. బీపీ, గుండెజబ్బు, థైరాయిడ్, గ్లాకోమా, ప్రోస్టేట్ వాపు ఉన్నవారు, కుంగుబాటుకు ఎంఏఓ ఇన్హిబిటర్ రకం మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ముక్కు దిబ్బడ మాత్ర మింగకూడదు. జలుబు మాత్రతో పాటు జ్వరానికి వేరే మాత్ర వేసుకుంటున్నవారు రెండింట్లోనూ పారాసిటమాల్ ఉందేమో చూసుకోవాలి. ఉంటే మోతాదు తెలియకుండానే రెట్టింపై కాలేయం దెబ్బతినవచ్చు. వారం దాటిన దగ్గుకు, జ్వరమో రక్తమో తోడైన దగ్గుకు మందుల షాపు కాదు, ఆసుపత్రి దారి. పెట్టె మీది పెద్దక్షరాలు దాటి, వెనక చిన్నక్షరాల్లో ఉన్న మందుల పేర్లు ఒక్కొక్కటీ చదివాకే డబ్బులివ్వండి.