పుంజం బట్ట నుంచి అచ్యుతాపురం దాకా: ఓవర్‌లాక్ మిషన్ కథ, ఇంటికి ఏది కొనాలి?

విశాఖ నుంచి మాట్లాడుతున్నాను. మన ఛానెల్‌లో ఎప్పుడూ కోటలు, రేవులు, రాజుల సంగతులు చెప్పుకుంటాం కదా, ఈసారి కుట్టుమిషన్ గురించి. కారణం ఏంటంటే, చాలామంది చెల్లెళ్ళు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: "అక్కా, ఇంట్లో కుట్టుకోడానికి ఓవర్‌లాక్ మిషన్ కొందామనుకుంటున్నా. పదిహేను, ఇరవై వేలు పెట్టాలి. ఏది నమ్మొచ్చు?" అది చిన్న డబ్బు కాదు. కొంతమందికి అది చీటీ పాడి తెచ్చిన డబ్బు. అందుకని ఫలానా కంపెనీది కొనేయండి అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయను. అసలు ఆ మిషన్ ఎందుకు పుట్టింది, మన ఊరికి ఎలా వచ్చింది అనేది తెలిస్తే, ఏది కొనాలో మీకే అర్థమైపోతుంది.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. మన టైలర్ షాపుల్లో దీన్ని కొందరు ఓవర్‌లాక్ అంటారు, ఇంకొందరు ఇంటర్‌లాక్ అంటారు. అమెరికాలో ఉన్న మన వాళ్ళు సర్జర్ అంటారు. మూడూ ఒకటే. బట్ట అంచుని కత్తితో సరిగ్గా కోస్తూ, అదే క్షణంలో ఆ అంచు చుట్టూ దారం అల్లేసే మిషన్ అది. మీ కుర్తా తిరగేసి చూడండి, పక్క కుట్టు దగ్గర నిచ్చెనలాగా దారం కనిపిస్తుంది. అదే. చీరలకి కొట్టే పీకో మిషన్ వేరు. టీషర్ట్ కింద అంచుకి రెండు వరసలుగా కనిపించే కుట్టు వేరు, అది ఫ్లాట్‌లాక్ పని. ఓవర్‌లాక్ కొని "టీషర్ట్ కింద మడత రావట్లేదేంటి" అని బాధపడొద్దు.

ఇప్పుడు కథలోకి వద్దాం. మన విశాఖ అనగానే ఓడలు, ఉక్కు గుర్తొస్తాయి. కానీ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది ఇనుము కోసం కాదండీ, బట్ట కోసం. పక్కనే భీమిలిలో డచ్చివాళ్ళు కూర్చున్నదీ అందుకే. ఈ జిల్లా నేత బట్టకి పుంజం బట్ట అని పేరు. పుంజం అంటే 120 దారాలు. పడుగులో ఎన్ని పుంజాలు ఉంటే బట్ట అంత సన్నం. ఇప్పుడు మనం షాపులో కాటన్ కౌంట్ ఎంత అని అడుగుతాం చూడండి, అలాంటి లెక్కే.

మరి అంత బట్ట నేసిన ఊళ్ళో ఓవర్‌లాక్ లాంటి కుట్టు అవసరం ఎందుకు రాలేదు? ఎందుకంటే చీర, పంచె, కండువా, అన్నీ మగ్గం మీదే పూర్తయిపోతాయి. రెండు పక్కలా అంచు నేతలోనే గట్టిపడి వస్తుంది, పోగులు ఊడవు. చివర్ల దగ్గర పోగులు మిగిలితే ముడేసి కుచ్చులు చేసేవారు. అంటే అప్పట్లో బట్టని కోయాల్సిన అవసరమే తక్కువ. ఓవర్‌లాక్ అవసరం మొదలయ్యేది కత్తెర పడిన తర్వాత. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

కత్తెర కథ అమెరికాలో మలుపు తిరిగింది. కనెటికట్ రాష్ట్రంలో మెర్రో అని ఒక కుటుంబం. 1838లో వాళ్ళు మొదలుపెట్టింది తుపాకీమందు మిల్లు. అది పేలిపోయింది. తర్వాత అల్లిక బట్టల మిల్లు పెట్టారు. అల్లిక బట్ట అంటే మన బనియన్ గుడ్డ లాంటిది. దాన్ని కోస్తే అంచు చుట్టుకుపోతుంది, ఒక్క కన్ను ఊడితే వరసంతా జారిపోతుంది. మామూలు కుట్టు వేస్తే, సాగినప్పుడు దారం పుటుక్కున తెగిపోతుంది. ఆ తలనొప్పి భరించలేక జోసెఫ్ మెర్రో సొంత మిల్లు కోసం మిషన్ తయారుచేసుకున్నాడు. 1881లో మొదటి ఓవర్‌లాక్, 1889లో పేటెంట్. చూశారా? అమ్ముకుందామని మొదలైన మిషన్ కాదు, పని ఆగిపోతుంటే పుట్టిన మిషన్. పైగా పుట్టుకతోనే ఫ్యాక్టరీ మిషన్.

మామూలు కుట్టుమిషన్ దారి దీనికి పూర్తిగా వేరు. ఐజాక్ సింగర్ 1851లో పేటెంట్ తీసుకున్నాడు, ఆ కొద్ది ఏళ్ళకే కంపెనీ వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు మనం ఫోన్ ఈఎమ్ఐలో కొంటున్నాం కదా, దానికి తాతలాంటి పద్ధతి అది. 1870ల నుంచే సింగర్ మిషన్లు మన దేశంలో అమ్ముడయ్యాయి. యంత్రాల పిచ్చి వద్దన్న గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషన్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. మనిషి కష్టం తగ్గించే ప్రేమ అందులో ఉందని ఆయన అభిప్రాయం. తర్వాత 1930ల్లో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లు మొదలుపెట్టింది. సరదా సంగతి చెప్పనా? మన సింధియా షిప్‌యార్డులో 1948 మార్చి 14న నెహ్రూ గారు నీటిలోకి దింపిన ఓడ పేరు జల ఉష. కుట్టుమిషన్‌తో సంబంధం ఏమీ లేదు, పేరు మాత్రమే కలిసింది. కానీ ఒకటి నిజం: సొంతంగా ఓడ కట్టాలి, సొంతంగా మిషన్ తయారుచెయ్యాలి అనే పట్టుదల రెండూ ఆ తరానివే.

ఈ నల్ల మిషన్, లోపల బాబిన్, కింద తొక్కుడు పెడల్, ఇది మన అమ్మమ్మల ఇళ్ళలోకి వచ్చింది. ఓవర్‌లాక్ మాత్రం చాలాకాలం ఇంటికి రాలేదు. జపాన్‌లో 1960ల చివర్లో ఇంట్లో బల్ల మీద పెట్టుకునే చిన్న ఓవర్‌లాక్‌ని బేబీ లాక్ అనే పేరుతో తెచ్చారు. పేరులోనే ఉంది, ఫ్యాక్టరీ మిషన్‌కి పిల్ల అని. మన దగ్గరైతే ఓవర్‌లాక్ షాపుల్లోనే ఉండిపోయింది. ఇంట్లో ఆడవాళ్ళు జాకెట్లు, నైటీలు కుట్టి, సంచీలో వేసుకుని షాపుకి వెళ్ళి, ముక్కకి ఇంతని ఇచ్చి అంచు కొట్టించుకొచ్చేవారు. ఇప్పటికీ గాజువాక, పెదగంట్యాడ వైపు ఇది చూస్తూనే ఉంటాను. కుట్టు ఈమెది, చివరి అంచు డబ్బు ఇంకొకరిది. పండగ సీజన్ అయితే అక్కడ గంటసేపు క్యూ.

మన కథలో పెద్ద మార్పు అచ్యుతాపురం. 1989లో దువ్వాడలో ఎగుమతుల జోన్ వచ్చింది. ఆ తర్వాత 2000ల్లో శ్రీలంకకి చెందిన బ్రాండిక్స్ అచ్యుతాపురం దగ్గర సుమారు వెయ్యి ఎకరాల్లో దుస్తుల తయారీ నగరం మొదలుపెట్టింది. ఇప్పుడది అనకాపల్లి జిల్లాలో ఉంది. వేలమంది ఆడపిల్లలు పల్లెల నుంచి బస్సుల్లో వెళ్ళి అక్కడ పని చేస్తున్నారు. అంటే పుంజం బట్ట ఎగుమతి చేసిన ఈ తీరం, మూడు వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ విదేశాలకి బట్టే పంపుతోంది. ఈసారి కుట్టి పంపుతోంది, అందులో ఓవర్‌లాక్ లేకుండా ఒక్క లోదుస్తు కూడా బయటికి రాదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. ఫ్యాక్టరీలో నాలుగైదేళ్ళు ఓవర్‌లాక్ మీద పనిచేసిన అమ్మాయి పెళ్ళయ్యాకో, పాప పుట్టాకో మానేస్తుంది. చేతిలో పని ఉంది, కాస్త డబ్బు ఉంది, ఇంట్లోనే మిషన్ పెట్టుకుందాం అనుకుంటుంది. ఫ్యాక్టరీ మిషన్ నిమిషానికి ఐదారు వేల కుట్లు వేస్తుంది, రోజంతా ఆగకుండా నడుస్తుంది. ఇంటి మిషన్ 1,300 నుంచి 1,500 కుట్లు. ఆ చెయ్యికి ఇది ఎడ్లబండిలా అనిపిస్తుంది. ఇంకో సంగతి, ఫ్యాక్టరీలో పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒకరు పక్క కుట్టు, ఒకరు చెయ్యి. మిషన్ మొరాయిస్తే మెకానిక్ వస్తాడు. ఇంట్లో మెకానిక్ కూడా తనే. మెర్రో రోజుల నుంచీ ఇది ఫ్యాక్టరీ బిడ్డ అన్నాను కదా, మెకానిక్ పక్కనే ఉంటాడనే లెక్కతో పెరిగింది. కాబట్టి ఇంటికి తెచ్చేటప్పుడు మొదటి ప్రశ్న కంపెనీ పేరు కాదు. మెకానిక్ ఎక్కడున్నాడు, అదీ ప్రశ్న.

సరే, ఇప్పుడు కొనడం సంగతి.

మొదటిది, మీకు ఎంత పని ఉంది? ఇంట్లో వాళ్ళకి, చుట్టుపక్కల నలుగురికి కుడతారా? సింగర్, బ్రదర్, జూకి, ఉషా లాంటి కంపెనీల ఇంటి ఓవర్‌లాక్ సరిపోతుంది. రోజుకి ఆరేడు గంటలు నడపాలా? అయితే బల్ల ఉన్న ఇండస్ట్రియల్ మిషనే తీసుకోండి, కానీ సర్వో మోటార్ అడగండి. పాత క్లచ్ మోటార్ మీరు తొక్కకపోయినా తిరుగుతూనే ఉంటుంది, కరెంటు తింటుంది, మోత కూడా. సర్వో తొక్కినప్పుడే తిరుగుతుంది. స్పీడు కూడా తగ్గించుకోవచ్చు. అపార్ట్‌మెంట్లో అయితే పక్కింటివాళ్ళు కూడా మీకు థాంక్స్ చెప్తారు.

రెండోది, దారాలు. మూడు దారాల మిషన్ అంచు మాత్రమే కడుతుంది. నాలుగు దారాలదైతే రెండు సూదులు ఉంటాయి, అంచుతోపాటు గట్టి కుట్టు కూడా పడుతుంది. లెగ్గింగులు, టీషర్టులు కుట్టేవాళ్ళకి నాలుగు కావాలి. ఒక సూది తీసేస్తే అదే మూడు దారాలది అయిపోతుంది.

మూడోది, డిఫరెన్షియల్ ఫీడ్. కింద బట్టని లాగే పళ్ళు రెండు జతలు ఉంటాయి, వాటి వేగం వేరువేరుగా మార్చుకోవచ్చు. ఇది లేకపోతే లైక్రా గుడ్డ అంచు అలలు అలలుగా లేస్తుంది, జార్జెట్ ముడుచుకుపోతుంది.

నాలుగోది, సూది. కొన్ని ఇంటి ఓవర్‌లాక్‌లు మామూలు కుట్టుమిషన్ సూదితోనే నడుస్తాయి. ఇండస్ట్రియల్‌కి డీసీ ఇరవయ్యేడు రకం సూది. ఏ సూది పడుతుందో అడిగి, అది మీ వీధి షాపులో దొరుకుతుందో లేదో చూసుకోండి. సూదితోపాటు రెండు కత్తులు, రెండు లూపర్లు కూడా విడిగా దొరుకుతాయా అని అడగండి. "దొరుకుతాయండీ" అంటే ఊరుకోవద్దు, "చూపించండి" అనండి.

ఐదోది, పరీక్ష. మీ గుడ్డలు మీరే తీసుకెళ్ళండి: ఒక లైక్రా ముక్క, ఒక జార్జెట్ ముక్క, లైనింగ్‌తో కలిపి నాలుగు మడతలైన కాటన్. షాపువాళ్ళు చూపించే గట్టి గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. తర్వాత దారాలన్నీ కోసేసి, మీరే మళ్ళీ ఎక్కించండి. ఎక్కువ మిషన్లలో ముందు పై లూపర్, తర్వాత కింది లూపర్, చివర్లో సూదులు. ఆ వరస తప్పితే దారం తెగుతూనే ఉంటుంది. షాపులో ఎక్కించలేకపోతే ఇంటికెళ్ళాక ఎక్కించలేరు. మొహమాటపడకండి, డబ్బు మీది.

ఆరోది మన ఊరికే ప్రత్యేకం: ఉప్పుగాలి. ఓవర్‌లాక్ లోపల అంతా సన్నటి ఇనుప భాగాలే. పని అవగానే బ్రష్‌తో నూగు తీసెయ్యండి, పుస్తకంలో చెప్పినచోట మిషన్ ఆయిల్ చుక్క వెయ్యండి, గుడ్డ కప్పి కిటికీకి దూరంగా పెట్టండి. సెకండ్‌హ్యాండ్ కొంటే లూపర్ల మొనలు, సూది ప్లేటు గోరుతో తడిమి చూడండి. గీతలు తగిలినా, తుప్పు కనిపించినా ధర ఎంత తక్కువైనా వద్దు.

అమెరికా నుంచి అక్కో బావో సర్జర్ తెస్తానంటే, వోల్టేజ్ చూడమనండి. అక్కడిది 120 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే మోటార్ కాలిపోతుంది. సరైన వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, సర్వీసు కూడా ఇక్కడ దొరకదు.

ఇక లెక్క. ఉదాహరణకి షాపులో అంచుకి పది రూపాయలు, రోజుకి ఆరు ముక్కలు, నెలకి పాతిక రోజులు అనుకుందాం. నెలకి 1,500. మిషన్ 18,000 అయితే ఏడాదికి డబ్బు తిరిగొస్తుంది, దారం, కరెంటు తీసేస్తే ఇంకాస్త ఆలస్యం. రోజుకి ఒక్క ముక్కే అయితే ఆరేళ్ళు పడుతుంది. అప్పుడు మీ పాత మిషన్‌లో జిగ్‌జాగ్ ఉంటే అదే చాలు, తొందరపడొద్దు. వృత్తిగా కుట్టేవాళ్ళైతే 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మలో టైలర్లు కూడా ఉన్నారు. పరికరాలకి 15,000 దాకా సాయం, మొదటి విడత లక్ష దాకా ఐదు శాతం వడ్డీకి అప్పు. ఇంటికి ఒక్కరికే వర్తిస్తుంది. అర్హత ఉందేమో సచివాలయంలో అడగండి.

చివరిగా, ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. ఓవర్‌లాక్‌లో కత్తి ఉంది. మన జాకెట్లలో లోపల అంగుళం మార్జిన్ వదులుతాం, రేపు ఒళ్ళు చేస్తే లూజు చేసుకోడానికి. రెండు ముక్కలూ కలిపి కొట్టేస్తే కత్తి ఆ మార్జిన్‌ని కోసేస్తుంది, మళ్ళీ రాదు. అందుకని జాకెట్‌కి ముందు ఒక్కో ముక్క అంచుకి విడిగా ఓవర్‌లాక్ చేసి, తర్వాత మామూలు మిషన్ మీద కలపండి. మార్జిన్ మిగులుతుంది, పోగులూ లేవవు. ఫ్యాక్టరీలో ఈ అలవాటు ఉండదు, ఎందుకంటే ఆ బట్ట ఎవరు తొడుక్కుంటారో వాళ్ళకి తెలియదు. మీకు తెలుసు. ఇంట్లో కుట్టేవాళ్ళ బలం అదే.

ఈ ఎపిసోడ్ ఇంతే ఫ్రెండ్స్. మిషన్ కొనే ముందు ఇంట్లోవాళ్ళకి కూడా ఒకసారి చూపించండి. వచ్చేవారం భీమిలి డచ్చివాళ్ళ సమాధుల కథతో కలుద్దాం. ఉంటాను.