యానాం పిల్లవాడు, ఫ్రెంచి పై చదువు

గౌతమీ గోదావరి సముద్రాన్ని చేరడానికి కొంచెం ఎగువన ఉన్న యానాం 1954 నవంబరు 1 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న తెలుగు పట్టణం. ఆ ఊరి పేరు చెప్పగానే పాతతరం వారికి ముందుగా గుర్తుకు వచ్చేది చదువు కాదు, పెళ్ళి. 1930లో అమలులోనికి వచ్చిన శారదా చట్టం ఫ్రెంచి నేలపై చెల్లనందున, చిన్నపిల్లల వివాహాలు జరిపించదలచిన వారు చుట్టుప్రక్కల జిల్లాలనుంచి అక్కడికి తరలివచ్చేవారు. ఫ్రెంచి చట్టం మాటున తలదాచుకున్న వారు వేలకొలది. ఫ్రెంచి భాషను కడదాకా చదివిన తెలుగువారు మాత్రం ఏనాడూ కొద్దిమందే. ఆ కొద్దిమంది నడచిన దారి ఎటువంటిదో తెలుసుకోదగినది.

తెలుగుదేశానికి ఫ్రెంచివారు కొత్తవారు కారు. గోలకొండ సుల్తాను అనుమతితో 1669లోనే వారు మచిలీపట్నంలో వర్తకశాలను నెలకొల్పారు. ఆ రోజులలో ఫ్రెంచి నేర్వడానికి బడి లేదు. బేరసారాలే బడి, దుబాసీయే పండితుడు. పాండిచ్చేరిలో గవర్నరు డూప్లేకు దుబాసీగా ఉండిన ఆనందరంగ పిళ్ళై అటువంటివారిలో మేటి. కస్తూరి రంగకవి తెలుగులో రచించిన ‘ఆనందరంగరాట్ఛందము’ అనే లక్షణగ్రంథం ఆయన పేరు మీద వెలసినదే. ఒక భాషతో పొట్టపోసుకుంటూ మరొక భాషలోని కవిత్వాన్ని పోషించడం ఆ తరానికి వింతగా తోచలేదు.

దుబాసీ స్థానంలోకి పరీక్ష వచ్చి చేరింది పందొమ్మిదవ శతాబ్దిలో. నెపోలియన్ 1808లో ఏర్పరచిన ‘బకలోరేయా’ ఫ్రాన్సులో ఉన్నత పాఠశాల చదువుకు తుది మెట్టు, విశ్వవిద్యాలయానికి తొలి ద్వారం. 1809లో ఆ పట్టాను అందుకున్నవారు 31 మంది మాత్రమే. పాండిచ్చేరిలో గవర్నరు దెబాస్సేన్ ద రిష్మోన్ 1826లో రాజకళాశాలను ప్రారంభించాడు. మొదట అది ఐరోపావారి బిడ్డల కొరకు ఉద్దేశించినది. భారతీయులకు ప్రవేశం దొరకడానికి కాలం పట్టింది. కాలక్రమాన వలసరాజ్య కళాశాలగా, పిమ్మట ఫ్రెంచి లీసేగా మారి ఆ సంస్థ నేటికీ నడుస్తున్నది.

యానాం పిల్లవానికి చిక్కు అంతా ఇక్కడే ఉన్నది. అక్షరాభ్యాసం ఇంటి దగ్గర, పై మెట్టు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో. రాజమహేంద్రవరం దగ్గర గోదావరిపై 1900లో రైలు వంతెన పూర్తి అయ్యేవరకు మద్రాసు వైపు రైలు ప్రయాణానికే వీలులేదు. మరొకవైపు, ముప్పది కిలోమీటర్ల దూరంలోనే కాకినాడ, అక్కడ ఇంగ్లీషు చదువు, పిఠాపురం రాజావారి కళాశాల. సరిహద్దు దాటి కాకినాడ వెళ్ళితే మద్రాసు రాష్ట్రమంతటా పనికివచ్చే పట్టా లభిస్తుంది. సొంత ప్రభుత్వపు భాషను పట్టుకుని పాండిచ్చేరి వెళ్ళితే చుట్టూ వినిపించేది తమిళం, గదిలో ఫ్రెంచి; తెలుగు ఇంటికి వ్రాసే ఉత్తరాలకే పరిమితం. ఖర్చు ఒక ఎత్తు, ఈ ఒంటరితనం మరొక ఎత్తు.

అంత దూరం వెళ్ళిన విద్యార్థికి ఎదురయ్యేవి మొదట చెవికి, కంటికి నడుమ తగవులు. తెలుగు చాలావరకు పలికినట్లే వ్రాసే భాష. ఫ్రెంచిలో ‘అతడు మాట్లాడును’ అన్నా ‘వారు మాట్లాడుదురు’ అన్నా చెవిని పడేది ‘ఇల్ పార్ల్’ అనే ఒకే ధ్వని. బహువచనాన్ని తెలిపే అక్షరాలు కంటికే గాని చెవికి అందవు. ‘దిక్తే’ అనే శ్రుతలేఖనం ఆ చదువులో అంత పెద్దపీట వేసుకుని కూర్చోవడానికి కారణం ఇదే. అక్కడ వ్రాయవలసినది విన్నదానిని కాదు, విన్నదాని వెనుక ఉన్న వ్యాకరణాన్ని. లింగం సంగతి మరొకటి. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’ అని స్త్రీకి, వస్తువుకు ఒకే క్రియ సరిపోతుంది. ఫ్రెంచిలో బల్ల స్త్రీ, పుస్తకం పురుషుడు. హేతువు అడిగి లాభం లేదు.

కాని కొన్నిచోట్ల తెలుగు పిల్లవాడు తనకు తెలియకుండానే సిద్ధపడి ఉన్నాడు. ఫ్రెంచి కథలలో, చరిత్రలలో కనిపించే ఒక భూతకాల రూపం నోటిమాటలో దాదాపు వినిపించదు. ‘వచ్చెను’ అని చదివి ‘వచ్చాడు’ అని మాట్లాడిన తెలుగు విద్యార్థికి ఆ వ్యత్యాసాన్ని విప్పిచెప్పనవసరం లేదు. గ్రాంథిక, వ్యావహారిక వివాదం ఆంధ్రదేశాన్ని ఊపివేసిన దశాబ్దాలలో ఆ పిల్లవానికి ఇది మరింత సులభగ్రాహ్యం. ఇక చిన్న తరగతులలో కంఠస్థం చేయించే లా ఫొంతేన్ నీతికథల మాట. 1678లో వెలువరించిన రెండవ సంపుటానికి ముందుమాట వ్రాస్తూ ఆ కవి, తన కథలలో అధికభాగానికి భారతీయ జ్ఞాని పిల్పేకు ఋణపడి ఉన్నానని చెప్పుకున్నాడు. రెండు పక్షులు కఱ్ఱను పట్టి మోసుకుపోతుండగా నోరు తెరచి నేలగూలిన తాబేలు పారిస్ చుట్టి తిరిగివచ్చిన పంచతంత్రపు తాబేలే.

అసలు కొండ పై తరగతులలో ఉన్నది. అక్కడ భాష తెలియడం చాలదు, భాషతో వాదించడం రావాలి. 1880 సంస్కరణతో బకలోరేయాలో లాటిన్ రచన స్థానాన్ని ఫ్రెంచి రచన ఆక్రమించింది. గుస్తావ్ లాన్సోన్ వంటి ఆచార్యుల కృషితో ‘పాఠ్యవివరణ’ స్థిరపడింది. రసీన్ నాటకంనుంచో, మోలియేర్ నాటకంనుంచో పది పదిహేను పంక్తులు తీసుకుని, ఈ పదమే ఇక్కడ ఎందుకు, ఈ వాక్యం ఇలా విరగడానికి కారణమేమి అని విచారించడం దాని పద్ధతి. ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు అనే వరుసలో పద్యాన్ని చదివిన తెలుగు విద్యార్థికి ఇది పొరుగు వీధి వంటిది. తేడా లేకపోలేదు. తెలుగు బడిలో తాత్పర్యంతో పాఠం ముగిసేది. ఫ్రెంచి తరగతిలో తాత్పర్యంతో పాఠం మొదలయ్యేది. ‘దిసెర్తాసియోన్’ అనే వాదరచన కూడ పూర్వపక్షాన్ని నిలబెట్టి సిద్ధాంతానికి వచ్చే శాస్త్రచర్చకు దూరపు బంధువు. ఫ్రెంచి విద్యార్థి మాత్రం ప్రతిపక్షం చెప్పేదానిలోనూ కొంత సత్యాన్ని మిగిల్చి ముగించవలసి ఉంటుంది.

ఇంత బంధుత్వం ఉన్నా, ప్రాథమిక స్థాయిలోనే తెలుగును వదలి వెళ్ళినవానికి ఆ పొరుగు వీధి కనిపించదు. పద్యవ్యాఖ్యానం నేర్వకముందే పాండిచ్చేరి చేరిన విద్యార్థి రసీన్‌ను ఏ ఆధారమూ లేకుండా ఎదుర్కొనవలసినదే. పై చదువుకు కావలసిన సన్నాహం చాలావరకు తెలుగులోనే ఉండగా, ఆ చదువుకు పోయే దారి తెలుగునే ముందు దాటించేది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన యానాం విముక్తమైంది. నవంబరులో పాలన భారత ప్రభుత్వానికి సంక్రమించింది. 1956 మే 28న సంతకాలు జరిగిన ఒప్పందాన్ని ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించడానికి ఆరేళ్ళు పట్టింది. 1962 ఆగస్టు 16న గాని అది చట్టరీత్యా అమలుకు రాలేదు. సగం మెట్లు ఎక్కి ఉన్న విద్యార్థులను ఆ ఒప్పందం మరచిపోలేదు. బకలోరేయా, బ్రెవె పరీక్షలకు చదువుతున్నవారు అదే పాఠ్యక్రమంలో ముగించుకునే వీలు, ఆ పట్టాలకు భారతదేశంలో గుర్తింపు అందులో చేరాయి. ప్రజాప్రతినిధులు మరొక విధంగా నిర్ణయించేవరకు ఫ్రెంచి అధికార భాషగా కొనసాగుతుందనీ వ్రాసుకున్నారు. 1965 నాటి అధికార భాషల చట్టం యానాంలో తెలుగుకు చోటు కల్పించింది. రాజ్యాలు చేతులు మారేవేళ పిల్లల పరీక్షలను తలచుకున్న ఒప్పందాలు అరుదు. ఈ ఒక్క విషయంలోనైనా ఉభయ ప్రభుత్వాలు ప్రశంసనీయులు.

ఆ తరువాత తెలుగువారి ఫ్రెంచి చదువు గోదావరి తీరాన్ని వదలి హైదరాబాదు చేరింది. 1958లో వెలసిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ 1972లో విదేశీ భాషలను కూడ చేర్చుకున్నది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇంటర్మీడియట్‌లో ఫ్రెంచి ద్వితీయ భాషగా ప్రవేశించింది. పాండిచ్చేరి లీసే విద్యార్థి రసీన్‌ను వివరించే వయస్సులో ఇంటర్మీడియట్ విద్యార్థి సాధారణంగా అక్షరమాలతో ఆరంభిస్తాడు. పైగా దరఖాస్తులో ద్వితీయ భాషకు ఉన్నది ఒకే గడి. అందులో ఫ్రెంచి అని వ్రాసిన విద్యార్థికి ప్రతిపదార్థ తాత్పర్యాల అభ్యాసం పదవ తరగతితోనే నిలిచిపోతుంది.