గుర్రపు గస్తీ నుంచి గస్తీ కారు దాకా: బ్రిటిష్ పోలీసు వాహనాల చరిత్ర

బ్రిటన్‌లో పోలీసులు తొలిసారి గుర్రమెక్కింది దారిదోపిడీ దొంగలను పట్టడానికి. 18వ శతాబ్దంలో లండన్ చుట్టూ ఉన్న రహదారుల మీద పొద్దుగూకాక ప్రయాణమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. హౌన్స్‌లో హీత్ వంటి నిర్మానుష్యమైన మైదానాల్లో మాటువేసిన దొంగలు గుర్రాల మీద వచ్చి, బగ్గీలను ఆపి, పిస్తోలు చూపి సొమ్ము దోచుకుని మాయమయ్యేవారు. కాలినడకన తిరిగే కావలివాళ్లకు వాళ్లు దొరికే ప్రశ్నే లేదు. ఆ పరిస్థితిలో బో స్ట్రీట్ న్యాయస్థానం మేజిస్ట్రేటు సర్ జాన్ ఫీల్డింగ్ 1763లో ప్రభుత్వ నిధులతో గుర్రపు గస్తీ మొదలుపెట్టాడు. ఆయన యౌవనంలోనే చూపు కోల్పోయిన మనిషి. గస్తీ ఫలితమిచ్చింది గానీ ప్రభుత్వం కొద్దికాలానికే నిధులు ఆపేయడంతో అది నిలిచిపోయింది.

1805లో ఆ గస్తీ మళ్లీ ప్రాణం పోసుకుంది. ఈసారి యాభైమందికి పైగా రౌతులను నియమించారు. వారిలో చాలామంది సైన్యపు ఆశ్వికదళంలో పనిచేసినవాళ్లే. లండన్ నుంచి ఇరవై మైళ్ల దాకా ప్రధాన రహదారులన్నీ వారి పరిధి. పిస్తోలు, కత్తి, లాఠీ, సంకెళ్లు దగ్గరుంచుకుని తిరిగేవారు. నీలం కోటు, ఎర్రని వెయిస్ట్‌కోటు వారి దుస్తులు. ఆ ఎరుపు చూసి జనం వారిని రాబిన్ పిట్టలన్నారు. ఎదురైన ప్రయాణికులకు తాము బో స్ట్రీట్ గస్తీవాళ్లమని పలికి మరీ ధైర్యం చెప్పేవారు. దొంగకు దూరం నుంచే భయం, బాటసారికి దూరం నుంచే భరోసా కలగాలన్నది ఆ దుస్తుల వెనుక ఉద్దేశం. పోలీసు జనానికి కనబడాలా, కనబడకుండా మసలుకోవాలా అన్న ప్రశ్న ఆనాటి నుంచి నేటి దాకా బ్రిటిష్ పోలీసు వాహనాల రూపాన్ని తీర్చిదిద్దుతూనే ఉంది.

హోంమంత్రి రాబర్ట్ పీల్ 1829లో లండన్‌కు మెట్రోపాలిటన్ పోలీసును నెలకొల్పాడు. గుర్రపు గస్తీ 1836లో అందులో కలిసిపోయింది. రోడ్లు మెరుగై, రైళ్లు వచ్చి, దారిదోపిడీలు అంతరించాక గుర్రానికి కొత్త పని దొరికింది. ఊరేగింపులు, సభలు, పందేలు, రాచవేడుకలు జరిగే చోట జనసమూహాన్ని అదుపులో ఉంచడమే ఆ పని. జీను మీద కూర్చున్న పోలీసుకు వేల తలల అవతల ఏం జరుగుతున్నదో కనిపిస్తుంది. ఆయనా దూరంగా ఉన్నవారికి కనిపిస్తాడు. గుర్రం అడ్డంగా అడుగులేస్తూ వస్తే గుంపు తనంతట తాను వెనక్కి జరుగుతుంది.

ఖైదీలను కోర్టుకూ జైలుకూ చేర్చే మూసిన బళ్లు కూడా గుర్రాలవే. ప్రజలు వాటిని బ్లాక్ మరియా అని పిలిచేవారు. మోటారు వ్యాన్లు వచ్చాక కూడా ఆ పేరు నిలిచింది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక లండన్‌లో నేరాలు పెరిగాయి. నేరగాళ్లు మోటారు కార్లలో ఒక పేట నుంచి మరో పేటకు దాటుకునేవారు. పోలీసులేమో స్టేషన్ల సరిహద్దులకు కట్టుబడి ఉండేవారు. డిటెక్టివ్ అధికారి ఫ్రెడరిక్ వెన్స్‌లీ 1919లో నగరమంతా తిరగగల డిటెక్టివ్‌ల బృందాన్ని కూర్చాడు. వాళ్ల మొదటి వాహనాలు గ్రేట్ వెస్టర్న్ రైల్వే నుంచి అద్దెకు తీసుకున్న గుర్రపు బళ్లు. వాటి కాన్వాసు కప్పుకు రంధ్రాలు చేసి, లోపల కూర్చుని అనుమానితులను కనిపెట్టేవారు. మరుసటి ఏడాది వైమానిక దళం వాడి వదిలిన రెండు క్రాస్లీ మోటారు వ్యాన్లు వచ్చాయి. ఒక పత్రికా విలేఖరి పెట్టిన ఫ్లయింగ్ స్క్వాడ్ అన్న పేరు ఆ బృందానికి స్థిరపడింది. 1920ల్లో ఈ వ్యాన్లకు వైర్‌లెస్ పరికరాలు అమర్చినప్పుడు పైకప్పు మీది ఏరియల్ మంచం చట్రమంత పెద్దదిగా ఉండేది. రహస్యంగా తిరగవలసిన బండికి అది పెద్ద చిక్కే.

మోటారు యుగం మొదలైన ఆ రోజుల్లోనే గుర్రపు పోలీసు విభాగమూ పటిష్ఠమైంది. లండన్ శివారులోని ఇంబర్ కోర్ట్‌లో దానికి శిక్షణ కేంద్రం ఏర్పడింది. బ్యాండు మేళాలకు, రెపరెపలాడే జెండాలకు, పొగకు, కేకలకు బెదరకుండా నెలల తరబడి గుర్రాన్ని తీర్చిదిద్దడం అక్కడి విద్య. 1923 ఏప్రిల్ 28న దాని విలువ దేశమంతటికీ తెలిసింది. కొత్తగా కట్టిన వెంబ్లీ స్టేడియంలో ఆ రోజు బోల్టన్, వెస్ట్‌హామ్ జట్ల మధ్య ఎఫ్ఏ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. లెక్కకు వచ్చిన ప్రేక్షకులే 1,26,047 మంది. గోడలు దూకి వచ్చినవారితో కలిపి రెండు లక్షలు దాటారని అంచనా. జనం మైదానమంతా నిండిపోయారు. జార్జ్ స్కోరీ అనే కానిస్టేబుల్ బిల్లీ అనే తెల్లని గుర్రం మీద మెల్లగా తిరుగుతూ, జనాన్ని ఒకరి చేతులొకరు పట్టుకుని వెనక్కి జరగమంటూ, ఇతర గుర్రపు పోలీసులతో కలిసి మైదానాన్ని ఖాళీ చేయించాడు. సుమారు ముప్పావుగంట ఆలస్యంగా ఆట మొదలై, బోల్టన్ 2–0తో గెలిచింది. అది తెల్లగుర్రం ఫైనల్‌గా పేరుబడింది. తర్వాతి ఏడాది నుంచి ఫైనల్‌కు ముందుగా టికెట్ కొన్నవారినే అనుమతించారు.

1903 చట్టం ప్రకారం బ్రిటన్‌లో కార్ల వేగ పరిమితి గంటకు 20 మైళ్లు. 1930 రోడ్డు ట్రాఫిక్ చట్టం కార్లకు ఆ పరిమితిని తీసేసింది. వేగంతోపాటు ప్రమాదాలూ కలవరపెట్టాయి. పోలీసు డ్రైవర్లు కూడా తరచు ప్రమాదాలు చేస్తుండటంతో లండన్ పోలీసులు 1935లో హెండన్‌లో డ్రైవింగ్ పాఠశాల తెరిచారు. రేసింగ్ అనుభవమున్న ఎర్ల్ ఆఫ్ కాటెన్‌హామ్ కొన్నాళ్లకు అక్కడ సలహాదారుగా చేరి, కారు నడిపే తీరుకు ఒక క్రమపద్ధతి నేర్పాడు. మలుపు రాకముందే చూడటం, నిర్ణయించుకోవడం, వేగం తగ్గించడం, గేరు మార్చడం, ఒకదాని తర్వాత ఒకటిగా జరగాలన్నది దాని సారం. ప్రమాదాలు గణనీయంగా తగ్గాయి. ఆ పద్ధతి 1955లో రోడ్‌క్రాఫ్ట్ అనే పుస్తకంగా సామాన్య పాఠకులకూ అందింది. 1937 జూన్ 30న లండన్‌లో 999 అత్యవసర ఫోన్ సేవ మొదలయ్యాక, వైర్‌లెస్ ఉన్న కార్లు ఫోన్ చేసినవారి వద్దకు నిమిషాల్లో చేరగలిగాయి.

రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు కరువొచ్చినా గుర్రాల పని ఆగలేదు. టూటింగ్‌లో 1944లో జర్మన్ ఎగిరే బాంబు పడి ఇళ్లు కూలినప్పుడు ఓల్గా అనే గుర్రం బెదిరి కొంతదూరం పరుగెత్తింది. అయినా రౌతు మాట విని వెనక్కి తిరిగి అక్కడే విధిలో నిలిచింది. బెత్నల్ గ్రీన్‌లో అప్‌స్టార్ట్ అనే గుర్రం గాజుపెంకుల వానలో కదలకుండా నిలబడింది. మస్వెల్ హిల్‌లో రీగల్ అనే గుర్రం తన శాలకు నిప్పంటుకున్నా కంగారుపడలేదు. జంతువుల సాహసానికి ఇచ్చే డికిన్ పతకాన్ని 1947లో ఈ మూడింటికీ ప్రదానం చేశారు.

1958లో ప్రెస్టన్ బైపాస్, 1959లో ఎం1 మోటార్‌వేలు తెరుచుకున్నాయి. గంట మోగించుకుంటూ తిరిగే నల్లని వోల్స్‌లీ కార్లకు ఈ రోడ్లు కొత్త లోకం. వేగంగా వచ్చే వాహనాలకు ప్రమాదస్థలం దూరం నుంచే తెలియాలి. అందుకే 1960ల్లో గస్తీ కార్లకు తెల్ల రంగు, నడుమ ఎర్రని పట్టీ, నీలి దీపం వచ్చాయి. గంట స్థానంలో రెండు స్వరాల హారన్ వచ్చింది. 1970ల్లో వచ్చిన రేంజ్ రోవర్ ట్రాఫిక్ కోన్లు, హెచ్చరిక బోర్డులు మోయడానికీ, పాడైన లారీని పక్కకు లాగడానికీ పనికొచ్చి మోటార్‌వే గస్తీకి బాగా నప్పింది.

కారు పేటల్లోకీ ప్రవేశించింది. లాంకషైర్ పోలీసులు 1965లో కర్క్‌బీ పట్టణంలో నీలం, తెలుపు రంగుల ఫోర్డ్ ఆంగ్లియా కార్లను గస్తీకి దించారు. వాటికి పాండా కార్లన్న పేరొచ్చింది. హోంశాఖ 1967లో ఈ పద్ధతిని దేశమంతటికీ సిఫార్సు చేసింది. ఒక్క కానిస్టేబుల్ చాలా వీధులు చుట్టి రాగలిగాడు గానీ, ఇంటి గడపలో నిలబడి మాట్లాడే తీరిక కోల్పోయాడు. లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో 1981లో జరిగిన అల్లర్లపై విచారించిన లార్డ్ స్కార్మన్ తన నివేదికలో పోలీసులు స్థానికులతో సంబంధాన్ని తిరిగి పెంచుకోవాలని నొక్కిచెప్పాడు. కారు ఇచ్చిన వేగానికి సమాజం చెల్లించిన మూల్యం ఆ నివేదికతో చర్చకు వచ్చింది.

ఉత్తర ఐర్లాండ్‌లో పరిస్థితి వేరు. అక్కడి పోలీసుల కోసం బెల్‌ఫాస్ట్‌లో 1960ల్లో ల్యాండ్‌రోవర్ చట్రం మీద షార్లండ్ అనే కవచ వాహనం తయారైంది. తర్వాతి దశాబ్దాల్లో బాంబులకూ తుపాకులకూ తట్టుకునే బూడిదరంగు ల్యాండ్‌రోవర్లు ఆ నగర వీధుల్లో నిత్యదృశ్యమయ్యాయి. ఇంగ్లండ్‌లో సాధారణ పోలీసు చేతిలో తుపాకీ ఉండదు. అందుకే 1991లో లండన్‌లో ఆయుధాలను లోపలి పెట్టెలో తాళం వేసుకుని తిరిగే ప్రత్యేక కార్లు ఏర్పాటయ్యాయి.

గుర్రం చరిత్రలో చీకటి పుట కూడా ఉంది. 1984 జూన్ 18న దక్షిణ యార్క్‌షైర్‌లోని ఆర్‌గ్రీవ్‌లో సమ్మెచేస్తున్న బొగ్గుగని కార్మికుల మీదికి గుర్రపు పోలీసులు దూసుకెళ్లారు. 95 మందిపై కేసులు పెట్టారు గానీ, సాక్ష్యాలు నిలవక మరుసటి ఏడాది అవి కుప్పకూలాయి. 1991లో పోలీసు విభాగం 39 మందికి పరిహారంగా 4,25,000 పౌండ్లు చెల్లించింది. రౌతు కొద్దీ గుర్రం అంటారు. వెంబ్లీలో ప్రాణాలు కాపాడిన బలమే ఆర్‌గ్రీవ్‌లో గాయాలు చేసింది. తేడా అంతా దాన్ని నడిపించిన ఆదేశంలో ఉంది.

1990ల్లో ప్రభుత్వ శాస్త్రీయ విభాగం నీలం, పసుపు గళ్లు మార్చి మార్చి వేసిన ప్రతిఫలన రంగులను రూపొందించింది. 500 మీటర్ల దూరం నుంచి పోలీసు వాహనమని తెలియడం దాని లక్ష్యం. బాటెన్‌బర్గ్ అనే ఈ అలంకరణ తర్వాత అనేక దేశాలకు పాకింది. మరోవైపు గుర్తులేమీ లేని కార్లు నిఘాకూ వెంటాడటానికీ నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఖర్చు తగ్గింపు పేరిట 2010ల్లో కొన్ని జిల్లాల పోలీసులు గుర్రపు విభాగాలను మూసేశారు. ఆ దశాబ్దంలోనే బ్రిటన్ గుర్రపు పోలీసులపై జరిగిన ఒక అధ్యయనం, కాలినడక గస్తీతో పోలిస్తే గుర్రపు గస్తీని జనం సుమారు ఆరు రెట్లు ఎక్కువగా పలకరిస్తారని తేల్చింది. దూరం, వేగం, కవచం అవసరమైన పనులన్నీ మోటారు తీసుకుంది. జనం మధ్య ఎత్తుగా కనబడుతూ, పలకరింపుకు అందుబాటులో ఉండే పనిని మాత్రం ఏ యంత్రమూ తీసుకోలేకపోయింది. అందుకే లండన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున గళ్ల రంగుల కార్లూ, రౌతులూ నేటికీ ఒకే వీధిలో విధి నిర్వహిస్తున్నారు.