టిక్స్, టూరెట్ సిండ్రోమ్: డాక్టరు చీటీలోని మాటలకు అర్థం



ఆరాధనలో ఒక బిడ్డ మాటిమాటికీ కళ్లు ఆర్పుతాడు, మెడ విదిలిస్తాడు. అందరూ మౌనంగా ప్రార్థిస్తుండగా గొంతుతో ఏదో శబ్దం చేస్తాడు. చూసేవారికి సాధారణంగా తోచేవి మూడు మాటలు: అల్లరి, దిష్టి, దురాత్మ. డాక్టరు రాసే మాట వేరు: టిక్. ఆ మూడింటిలో ఏది నమ్మినా బిడ్డకు దక్కేది దెబ్బలూ అవమానమే. వైద్యం మాత్రం ఆలస్యమవుతుంది. అందుకే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల సంఘాల కోసం చీటీలోని మాటలను ఈ వారం వివరిస్తున్నాము.

టిక్: ఉన్నట్టుండి, వేగంగా, ఒకే తీరుగా మళ్లీ మళ్లీ వచ్చే కదలిక లేదా శబ్దం. కళ్లు ఆర్పడం, భుజం ఎగరేయడం, మెడ తిప్పడం మోటార్ టిక్స్. గొంతు సవరించడం, ముక్కు ఎగబీల్చడం, అరుపు వోకల్ టిక్స్. ఇవి ఎక్కువగా 4 నుంచి 6 ఏళ్ల మధ్య మొదలై, 10 నుంచి 12 ఏళ్ల వయసులో ఉధృతమై, యవ్వనంలో చాలామందికి తగ్గుతాయి. మగపిల్లల్లో ఎక్కువ. కొన్ని వారాలు పెరుగుతాయి, కొన్ని వారాలు తగ్గుతాయి.

ప్రీమానిటరీ అర్జ్: టిక్‌కు ముందు ఒంట్లో కలిగే ఒత్తిడి. తుమ్ముకు ముందు ముక్కులో ఎలా ఉంటుందో అలాంటిది. తుమ్మును కాసేపు ఆపగలం, ఎల్లకాలం ఆపలేం. కాబట్టి “బడిలో బాగానే ఉన్నాడు, ఇంటికొచ్చి కావాలనే చేస్తున్నాడు” అనడం న్యాయం కాదు. బడిలో బిగబట్టుకున్నదే ఇంట్లో బయటపడుతుంది.

టూరెట్ సిండ్రోమ్: 18 ఏళ్లలోపు మొదలై, ఒకటికి మించి మోటార్ టిక్స్, కనీసం ఒక వోకల్ టిక్ ఉండి, ఏడాది దాటితే ఈ పేరు పెడతారు. ఏడాది నిండకపోతే ప్రొవిజనల్ టిక్ డిజార్డర్ అంటారు. ఏడాది దాటినా కదలికలు మాత్రమే, లేదా శబ్దాలు మాత్రమే ఉంటే అది పర్సిస్టెంట్ టిక్ డిజార్డర్. 1885లో తొమ్మిదిమంది రోగులను గురించి రాసిన ఫ్రెంచి వైద్యుడు జార్జ్ జీల్ ద లా టూరెట్ పేరే ఈ జబ్బుకు వచ్చింది. దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. డాక్టరు చూసి, అడిగి తెలుసుకుంటారు. ఇంట్లో ఫోనుతో తీసిన చిన్న వీడియో తీసుకువెళితే మేలు.

కోప్రొలాలియా: తన ప్రమేయం లేకుండా బూతుమాట నోట రావడం. టూరెట్ ఉన్న పదిమందిలో ఒకరిద్దరికే ఇది ఉంటుంది. హృదయంలో నిండినదే నోట వస్తుందని బోధించే మనకు ఇది మింగుడుపడదు. అయితే ఇది హృదయం పలికిన మాట కాదు. తుమ్ము లాగే ఆపుకోలేక వెలువడిన శబ్దం.

ఏడీహెచ్‌డీ, ఓసీడీ: టూరెట్‌కు తరచుగా తోడుండేవి. ఏడీహెచ్‌డీలో బిడ్డ కుదురుగా కూర్చోలేడు, మనసు నిలపలేడు. ఓసీడీలో వద్దన్నా ఒకే తలంపు తిరిగి తిరిగి వస్తుంది. దాన్ని అణచడానికి చేసిన పనే మళ్లీ చేస్తారు. కొందరికి ఇది భక్తి రూపంలో వస్తుంది: క్షమించరాని పాపం చేశాననే భయం, ఒప్పుకున్న పాపాన్నే రోజుకు పదిసార్లు ఒప్పుకోవడం. కాపరులు దీన్ని గుర్తించాలి. ఇంకా ప్రార్థించు అని చెప్పి పంపితే ఆ బాధ పెరుగుతుంది.

టిక్ కానివి: స్పృహ తప్పితే అది మూర్ఛ కావచ్చు. గొంతునొప్పి, జ్వరం వచ్చిన కొన్ని వారాలకో నెలలకో చేతులు కాళ్లు వంకరలు తిరుగుతుంటే సిడెన్‌హామ్ కొరియా కావచ్చు. అది రుమాటిక్ జ్వరం వల్ల వచ్చేది, గుండెకూ ప్రమాదం ఉంటుంది. ఈ రెండింటిలో ఏ అనుమానం ఉన్నా ఆలస్యం చేయకూడదు.

సీబీఐటీ: హైదరాబాదు కాలేజీ కాదు, మందులేని శిక్షణ. ఒత్తిడి కలగగానే టిక్‌కు అడ్డుపడే వేరొక కదలికను బిడ్డకు నేర్పుతారు. టిక్స్ స్వల్పమైతే ఏ చికిత్సా అక్కరలేదు. మందు రాస్తే మాత్రం డాక్టరును అడగకుండా మానిపించవద్దు. టిక్స్‌కు ఇచ్చే క్లోనిడిన్‌ను హఠాత్తుగా ఆపితే రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చు. ప్రార్థన చేయించాం కదా అని మాత్రలు పారేయడం విశ్వాసం కాదు.

ఎక్కడికి వెళ్లాలి? మొదట దగ్గరలోని పిల్లల డాక్టరు దగ్గరికి. ఆయన పంపితే బెంగళూరు నిమ్హాన్స్ ఉంది; ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు రైలు మార్గంలోనే ఉన్నాయి. మానసిక ఆరోగ్య సలహాకు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు.

పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి, పాపం ఎవరిది, ఇతనిదా, కన్నవారిదా అని శిష్యులు అడిగారు. ప్రభువు ఆ రెండూ కాదన్నాడు. టిక్స్ ఉన్న బిడ్డ తల్లిని అదే ప్రశ్న మనం అడగకూడదు. ఆ బిడ్డను ముందుకు పిలిచి అందరి ఎదుట చేతులుంచి ప్రార్థించడానికి బదులు ఇంట్లో నెమ్మదిగా ప్రార్థించండి. ఆరాధనలో తలుపు దగ్గర చోటివ్వండి. కాసేపు బయటికి వెళ్లి రానివ్వండి. శబ్దం వచ్చినప్పుడు తిరిగి చూడకండి. సండే స్కూలు పిల్లలకు ముందే వివరించండి. ఆ కుటుంబం వచ్చే ఆదివారం కూడా మందిరానికి రాగలదా లేదా అన్నది టిక్స్ మీద కన్నా మన చూపు మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.